ఋతువు తెలిసిన యాత్ర: తెలుగు యాత్రారచనలో దీవి – కొల్లేటి లంకల నుంచి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో యాత్రాసాహిత్యానికి దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఇంత చరిత్ర ఉన్న ప్రక్రియకు తగిన విమర్శ పరికరాలు మాత్రం ఏర్పడలేదు. యాత్రాగ్రంథాలపై వచ్చిన సమీక్షల్లో చాలావరకు రచయిత ఎంత దూరం తిరిగాడు, ఎన్ని దేశాలు చూశాడు, శైలి ఎంత హృద్యంగా ఉంది అనే మూడు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి. యాత్రికుడు చూసిన చోటికీ, ఆ చోట ఏడాది పొడుగునా బతికేవారికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచే ప్రశ్న వాటిలో అరుదుగా వినిపిస్తుంది.

వీపున సంచి తగిలించుకొని ఉష్ణమండల దేశాల నగరాలనూ దీవులనూ చుట్టివచ్చే యాత్రలు నేటి తెలుగు యువతలో విస్తరించాయి. వాటి కథనాలూ విస్తరించాయి. ఆ కథనాల్లో దీవి ఒక ప్రత్యేక స్థానాన్ని ఆక్రమిస్తోంది. నగరం ప్రయాణానికి ప్రవేశద్వారం, దీవి దాని ఫలం. ఈ సందర్భంలో తెలుగు నేలపైనే ఉన్న దీవుల సమూహం, అంటే కొల్లేటి లంకలు, యాత్రారచనను పరీక్షించడానికి ఎలాంటి ప్రమాణాలను ఇవ్వగలవో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’, మాచవరపు ఆదినారాయణ పాదయాత్రా రచన, నేటి సంచి యాత్రల కథనరీతి, అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ ఇందులో ప్రధాన ఆధారాలు.

దీవి, లంక: మాటలు చెప్పే భూగోళం

‘ద్వీపం’ అనే సంస్కృతపదానికి వ్యుత్పత్తి రెండు వైపుల నీరు గలది అని. దాని తద్భవమైన ‘దీవి’ కృష్ణానది సముద్రంలో కలిసే చోట ‘దివిసీమ’గా నిలిచింది. ‘లంక’ తెలుగులో రామాయణ నగరాన్ని చెప్పే సంజ్ఞానామంగానే మిగలలేదు. నదిలోనో సరస్సులోనో నీటి మధ్య తేలిన నేలకు అది సామాన్యనామం. గోదావరి పాయల మధ్యా, కొల్లేటి నడుమా ఈ మాట ఊరిపేర్లలో నేటికీ బతికి ఉంది. ఆగడాలలంక, ప్రత్తికోళ్లలంక, గుడివాకలంక వంటి పేర్లు అందుకు నిదర్శనాలు. వాటి పక్కనే శ్రీపర్రు, చెట్టున్నపాడు, మొండికోడు వంటి పేర్లు కనిపిస్తాయి. నీటి మట్టానికీ నేల ఎత్తుకూ మధ్య సంబంధం అనుదినం లెక్కలోకి వచ్చే ప్రాంతంలో ఊరిపేరే ఒక భూగోళ పాఠమవుతుంది.

ఇక్కడ ముఖ్యంగా గుర్తించవలసిన విషయం ఒకటుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు ఒకే కొలత గల సరస్సు కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీటితో వానకాలంలో విస్తరిస్తుంది. ఉప్పుటేరు గుండా నీటిని సముద్రానికి వదిలి వేసవిలో కుదించుకుపోతుంది. పది అడుగుల కాంటూరు వరకు లెక్కిస్తే దాని వైశాల్యం సుమారు 900 చదరపు కిలోమీటర్లు, ఐదు అడుగుల కాంటూరు వరకు సుమారు 308, మూడు అడుగుల వరకు సుమారు 135. ఈ మూడు అంకెలూ ఒకే సరస్సువి. దీన్నిబట్టి కొల్లేటి లంక వానకాలంలో దీవి, వేసవిలో గట్టు. శ్రావణంలో దోనె లేనిదే చేరలేని ఊరికి ఒకప్పుడు వైశాఖంలో నడిచి వెళ్లేవారు. పడవ తిరిగిన చోటే పశువులు మేసేవి, వరి పండేది.

కాబట్టి కొల్లేటిలో ‘దీవి’ అనేది స్థలవాచకం ఎంతో కాలవాచకం కూడా అంతే. యాత్రారచన దీవిని సాధారణంగా స్థలంగానే చూస్తుంది. యాత్రికుడికి కనబడేది ఒక ఋతువు. నివాసికి తెలిసింది ఒక సంవత్సరం. ఈ రెండింటి మధ్య అంతరాన్ని ఏ యాత్రారచన ఎంతవరకు గుర్తించింది అనేది దాని విలువను నిర్ణయించే ప్రమాణాల్లో ఒకటి కావాలి. దీనికి తోడు మరో రెండు ప్రమాణాలను కొల్లేరు సూచిస్తుంది. ఒకటి రేవు: దాటింపు ఎవరి చేతిలో ఉంది? రెండోది హద్దు: నీటికీ నేలకీ మధ్య గీత ఎవరు గీశారు, ఆ గీత ఎవరి బతుకు మీదుగా పోయింది?

మూట, పల్లకి, సంచి

యాత్రికుడు మోసిన వస్తువు, యాత్రికుణ్ని మోసిన మనుషులు ఆ యాత్ర స్వభావాన్ని చెబుతారు. తెలుగువారు ఉష్ణమండల దీవులకు వెళ్లడం నేటి వింత కాదు. 1830ల నుంచి మారిషస్‌కు, 1903 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారున్నారు. వారి చేతిలో ఉన్నది మూట. వారి దీవి చెరకుతోట. సెలవు తీరగానే తిరిగి వచ్చే వీలు వారికి లేదు, వారి ప్రయాణం యాత్రాగ్రంథం కాలేదు. అది పాటల్లో, ఇంటిపేర్లలో, గుడుల్లో మిగిలింది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లో జరిగినప్పుడు అక్కడివారిని పలకరించిన తెలుగు, ఆ మూట మోసినవారి మనుమల తరాలు నిలుపుకొన్న తెలుగు. దీవికి వెళ్లినవారందరూ యాత్రికులు కారు. రాయగలిగినవారే సాహిత్యచరిత్రలో యాత్రికులయ్యారు. ఈ ఎరుక లేకుండా ‘తెలుగువారి దీవియాత్రలు’ అనే అంశాన్ని ప్రారంభించడం అసంపూర్ణం.

మూట తరువాత పల్లకి. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట పెద్ద పరివారం ఉంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. యాత్రను దినచర్యగా రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. ఆ గ్రంథం 1838లో అచ్చయింది. దిగవల్లి వేంకటశివరావు 1941లో దాన్ని సంస్కరించి ప్రకటించడంతో ఆధునిక పాఠకులకు చేరువైంది. ఇది దీవుల గ్రంథం కాదు. అయినా ఋతువు, రేవు అనే రెండు ప్రమాణాల దృష్ట్యా ఈ గ్రంథం అసాధారణమైంది. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ యాత్రలో రెండు వానకాలాలు వచ్చాయి. మజిలీ నుంచి మజిలీకి దూరం, బాట స్థితి, ఊరి అంగళ్లు, దొరికే సరుకులు, తాగునీరు, దాటవలసిన ఏరు అనేవి ఆయన వాక్యాల్లో పదేపదే వస్తాయి. తన తరువాత అదే బాటన వెళ్లేవాడికి పనికిరావాలనే ఉద్దేశం అందులో ఉంది. అందువల్ల ఏరు ఆయన రచనలో దృశ్యం కావడానికి ముందు అడ్డంకి. అడ్డంకిని రాసినవాడు దాటించినవాణ్ని కూడా ఎంతో కొంత రాయక తప్పదు. తాను మోయించుకొనే స్థానంలో ఉన్నా, మోసేవారి అవసరాలు, వారి నడక వేగం ఆ యాత్ర లెక్కల్లో చేరాయి. ఆయన దృష్టికి కులపరమైన, పదవిపరమైన పరిమితులు ఉన్నాయి. కానీ ఆ దృష్టికి కాలం తెలుసు.

నడక అనే పద్ధతి

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల ఆచార్యులుగా పనిచేసిన మాచవరపు ఆదినారాయణ నడకను ఒక రచనాపద్ధతిగా తెలుగులో స్థిరపరచారు. ‘భ్రమణకాంక్ష’ దేశంలోని పాదయాత్రలను, ‘భూభ్రమణకాంక్ష’ దేశాంతర యాత్రలను చెప్పాయి. ‘తెలుగువారి ప్రయాణాలు’ సంకలనంతో ఆయన ఈ ప్రక్రియ చరిత్రకు సామగ్రినీ సమకూర్చారు. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఘుమక్కడ్ శాస్త్ర’లో సంచారాన్ని జీవనధర్మంగా ప్రతిపాదించిన ఆలోచనకు తెలుగులో దొరికిన దగ్గరి బంధువు ఈ రచన.

నడక చేసే మేలు ఏమిటి? వీపున సంచి ఉన్నా నడిచేవాడికి నేల ఒక వరుసలో అందుతుంది. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న చోటు అతని పాఠంలోంచి జారిపోదు. దాహం వేస్తే ఎవరినో అడగాలి, చీకటి పడితే ఎవరి అరుగు మీదో తలదాచుకోవాలి. ఆతిథ్యం ఇచ్చేవాడు పాత్రగా ప్రవేశించేది అక్కడే. వీరాస్వామయ్య దగ్గర పరివారం చేసిన పనిని ఇక్కడ అపరిచితుల దయ చేస్తుంది. ‘రేవు’ అనే ప్రమాణం దృష్ట్యా ఇది ముందడుగు. అయితే ఋతువు విషయంలో నడకకు ఒక పరిమితి ఉంది. కాలినడకన వెళ్లేవాడు తాను నడిచిన రోజుల ఎండావానలను ఒంటితో తెలుసుకొంటాడు. ఆ ఊరివారి మిగిలిన నెలలను మాత్రం విని తెలుసుకోవలసిందే. కాబట్టి పాదయాత్రా రచనలో విన్న మాటకు ఎంత చోటు దక్కిందనేది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. అడుగుల లెక్క ఆ ప్రశ్నకు జవాబు కాదు.

సంచి యాత్రలో దీవి

నేటి సంచి యాత్రల కథనాలకు ఒక నిర్మాణం ఏర్పడింది. విమానం ఒక మహానగరంలో దిగుతుంది. రెండు రోజులు నగరం, వీధి తిండి, చౌక బస. తరువాత రాత్రి బస్సు, తెల్లవారుజామున రేవు, ఫెర్రీ, దీవి. దీవిలో సూర్యాస్తమయం, స్థానికుడితో ఒక సంభాషణ, ఖర్చుల పట్టిక. ఇండోనేషియాలో పదిహేడు వేలకు పైగా, ఫిలిప్పీన్స్‌లో ఏడు వేల ఆరు వందలకు పైగా దీవులున్నా కథనాలు చేరేది వేళ్లపై లెక్కించదగ్గ దీవులకే. ముందు వెళ్లినవారి కథనం వెనుక వెళ్లేవారి దారిని నిర్ణయిస్తుంది.

ఈ రీతిని తేలికగా తోసిపుచ్చడం విమర్శ కాదు. తక్కువ డబ్బుతో, పరివారం లేకుండా, పెద్దల అనుమతి కోసం ఆగకుండా బయలుదేరే స్వేచ్ఛను ఇది మధ్యతరగతి యువతకు ఇచ్చింది. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల పిల్లలకు ప్రపంచం సంస్థల ద్వారానో ఉద్యోగాల ద్వారానో మాత్రమే అందే స్థితి మారింది. ఒంటరిగా వెళ్లే స్త్రీకి ఈ స్వేచ్ఛ విలువ మరీ ఎక్కువ. ఖర్చుల పట్టిక కూడా హీనమైనదేమీ కాదు. వీరాస్వామయ్య సరుకుల ప్రస్తావనకు అది దూరపు వారసురాలు. లోపం వేరే చోట ఉంది. ఈ కథనాలకు ‘సీజన్’ తెలుసు, ఋతువు తెలియదు. సీజన్ అంటే యాత్రికుడు రావలసిన నెలలు. ఋతువు అంటే అతడు రాని నెలలు కూడా. ‘ఆఫ్ సీజన్’ అనే ఒక్క మాటలో ఆ దీవి వానకాలం, వేటకు వెళ్లలేని రోజులు, అప్పు చేసే రోజులు అన్నీ కప్పబడిపోతాయి.

దీని పర్యవసానాలు సాహిత్యానికే పరిమితం కావు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బొరాకాయ్ దీవిని 2018 ఏప్రిల్ నుంచి ఆరు నెలలు సందర్శకులకు మూసివేసింది. మురుగునీరు సముద్రంలో కలవడం అందుకు ప్రధాన కారణం. థాయిలాండ్‌లోని మాయా బే 2018 జూన్‌లో మూతపడి 2022 జనవరిలో గానీ తిరిగి తెరుచుకోలేదు. సందర్శకుల రద్దీ వల్ల దెబ్బతిన్న పగడాలు కోలుకోవడానికి ఆ విరామం అవసరమైంది. ఫలంగా భావించిన దీవి, చేరినవారి సంఖ్య వల్లనే చేరరానిదైంది. ఇలాంటి మూసివేత కథనంలో ‘మళ్లీ తెరిచారు’ అనే సమాచారంగా మాత్రమే మిగిలితే, ఆ ఆరు నెలలు దీవిలోనివారు ఏం చేశారన్న ప్రశ్న రచన వెలుపలే ఉండిపోతుంది.

కొల్లేరు: హద్దు ఎవరిది?

కొల్లేటికి సందర్శకులు వచ్చేది ప్రధానంగా చలికాలంలో. కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షికేంద్రంలో పెలికాన్ పక్షులు గూళ్లు కట్టి పిల్లలను పెంచే కాలం అది. ఆ నెలల్లో వచ్చినవారి కథనంలో కొల్లేరు పక్షుల సరస్సు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతా దిగివచ్చింది ఈ సరస్సుకే. లంక గ్రామాల దారులు నీట మునిగాయి. ఈ రెండు చిత్రాలూ నిజమే. మొదటిదానికి యాత్రారచనలో స్థానముంది. రెండోది వార్తాపత్రికకు వెళ్లిపోతుంది. ఒకే నీరు, రెండు ప్రక్రియలుగా చీలిపోయింది.

హద్దు విషయంలో కొల్లేటి అనుభవం మరింత సంక్లిష్టం. 1970ల నుంచి సహకార సంఘాల పేరిట మొదలైన చేపల చెరువులు క్రమంగా పెట్టుబడి చేతికి వెళ్లి సరస్సు గర్భాన్ని గట్లతో నింపాయి. 1999లో ఐదు అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005–06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువుల గట్లు తెంచారు. 2008లో అభయారణ్యాన్ని మూడు అడుగుల కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ప్రకృతిలో ప్రతి ఏటా ముందుకూ వెనక్కూ కదిలే నీటి అంచుకు పటంలో కదలని గీత గీయవలసి రావడం ఇక్కడి మూలసమస్య. బొరాకాయ్‌లో గీత ముందుగా సందర్శకుణ్ని ఆపింది. కొల్లేటిలో గీత నివాసి బతుకు మీదుగానే పోయింది. సరస్సును చంపుతున్న చెరువునూ, చెరువుపై ఆధారపడ్డ కూలినీ, చెరువుకు ముందున్న వేట హక్కునూ ఒకే వాక్యంలో పట్టుకోగల రచన ఏది?

‘కొల్లేటి జాడలు’: సంవత్సరాన్ని రాసిన నవల

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఆ ప్రశ్నకు తెలుగులో లభించిన బలమైన జవాబు. వసంత కన్నబిరాన్ ఆంగ్లానువాదంతో అది తెలుగేతర పాఠకులకూ చేరింది. బాల్యస్మృతుల ఆధారంగా కొల్లేటి బతుకును చెప్పే ఈ నవలను పర్యావరణ నవలగా విమర్శకులు గుర్తించారు. దాన్ని యాత్రారచనకు ప్రతిపాఠంగా చదవడం ఇక్కడి ప్రయత్నం.

యాత్రాకథనంలో కాలం రేఖలా సాగుతుంది. బయలుదేరడం, చేరడం, తిరిగిరావడం. ఈ నవలలో కాలం చక్రంలా తిరుగుతుంది. వరద, నీరు తీయడం, సేద్యం, వేట, ఎండ, మళ్లీ వరద అనే వరుసలో కొల్లేరు ఒక్కొక్క నెలలో ఒక్కొక్క వృత్తిని, ఒక్కొక్క తిండిని, ఒక్కొక్క దారిని ఇస్తుంది. వరద ఇక్కడ ఆకస్మిక విపత్తు మాత్రమే కాదు, ఏడాది లెక్కలో ఒక భాగం. నీటి వనరు ఊరందరి ఉమ్మడి సంపదగా ఉండగా అందరూ కలిసి దాన్ని అనుభవించే పద్ధతులు ఎలా ఏర్పడ్డాయో, పెట్టుబడి ప్రవేశించాక అవి ఎలా చెదిరాయో నవల చూపుతుంది. ఆ చెదరడాన్ని చక్రం ఆగిపోవడంగా చదవవచ్చు. చేపల చెరువుకు ఋతువు అక్కరలేదు. గట్టు వేసి నీటిని ఏడాదంతా ఒకే మట్టంలో నిలపడమే దాని పద్ధతి. అంటే చెరువు, పర్యాటక కథనం ఒక విషయంలో సమానధర్మం కలవి: రెండూ సరస్సును ఒకే ఋతువులో బంధిస్తాయి. ఒకటి గట్టుతో, మరొకటి వాక్యంతో. నవలను యాత్రారచన పక్కన పెట్టి చదివినప్పుడే ఈ సామ్యం స్పష్టమవుతుంది.

అయితే నివాసి స్వరాన్ని విమర్శకు అతీతం చేయడం పొరపాటు. ‘జాడలు’ అనే పేరులోనే పోయినదాని గుర్తులు అనే అర్థం ఉంది. స్మృతి కూడా ఒక యాత్రే. పెద్దవాడైన కథకుడు బాల్యానికి తిరిగి వెళ్లినప్పుడు గతకాలపు కొల్లేరు నేటికంటే సామరస్యంగా కనబడే అవకాశం ఉంది. పైగా నివాసి ఒక్కడు కాడు. కొల్లేటిలో భూమి ఉన్న రైతుకూ, వల ఆధారంగా బతికే వడ్డి కుటుంబానికీ, రోజుకూలికి వెళ్లే స్త్రీకీ సంవత్సరం ఒకేలా గడవదు. ఒక నవల ఒక ఇంటి గుమ్మంలోంచి చూస్తుంది. ఆ గుమ్మం ఎవరిదో అడగడం నవలకు అపచారం కాదు. ఆ ప్రశ్నను రచయితలు రాసిన పాఠాలతో పాటు కొల్లేటి వేటపాటల దగ్గరకూ, నోటి చరిత్రల దగ్గరకూ తీసుకువెళ్లవలసిన బాధ్యత పరిశోధకులది.

తీర్థం: మరచిన నమూనా

ఋతువు తెలిసిన దీవియాత్రకు నమూనా కొల్లేటిలోనే ఉంది. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. నగరం నుంచి దీవికి సాగే ప్రయాణమే అది కూడా. కానీ ఆ యాత్రికుడు ఒక్కసారి వచ్చి ‘చూసేశాను’ అనుకోడు. అదే నెలలో, అదే అమ్మవారి దగ్గరకు మళ్లీ వస్తాడు. గత ఏడాది నీరు ఎక్కడి వరకు ఉందో, ఈ ఏడాది ఎక్కడ ఉందో పోల్చుకొంటాడు. పడవల రేవు రోడ్డుగా మారిన వైనం అతని కళ్ల ముందే జరిగింది. తిరిగి రావడం వల్ల కలిగే జ్ఞానం ఇది. కొత్త చోటును లెక్కపెట్టే యాత్రకు, పాత చోటుకు మళ్లీ వెళ్లే యాత్రకు ఉన్న తేడాను తెలుగు విమర్శ ఇంకా సిద్ధాంతీకరించలేదు. భక్తి అనే ఒకే గదిలో తీర్థయాత్రను పెట్టి తాళం వేయడం అందుకు ఒక కారణం.

ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. తెలుగు యాత్రారచనను దూరంతోనూ దేశాల సంఖ్యతోనూ కాక ఋతువు, రేవు, హద్దు అనే మూడు ప్రమాణాలతో పరీక్షించవచ్చు. ఈ ప్రమాణాల దృష్ట్యా 1838 నాటి ‘కాశీయాత్ర చరిత్ర’ కాలస్పృహలో నేటి సంచి యాత్రల కథనాల కంటే ముందుంది. పాదయాత్రా రచన రేవు దగ్గరి మనిషిని పాఠంలోకి తెచ్చింది. ‘కొల్లేటి జాడలు’ దీవిని సంవత్సరంగా రాసి, యాత్రారచన వదిలేసిన నెలలను పూరించింది. ఆ పూరణ కూడా ఒక గుమ్మం నుంచి చేసినదేనని గుర్తించాలి.

నివాసికి తెలిసినదంతా యాత్రికుడికి తెలియాలని కోరడం న్యాయం కాదు. తాను చూసింది ఏ నెలో చెప్పమనీ, తనను దాటించిన చేతిని పేర్కొనమనీ, తాను నిలబడ్డ నేల మీద ఎవరు గీసిన గీత ఉందో అడగమనీ కోరవచ్చు. ఈ మూడింటికీ సాహిత్యప్రతిభ కంటే ముందు కావలసింది కొంత ఓపిక. బాలి దీవికైనా ప్రత్తికోళ్లలంకకైనా ఈ కోరిక ఒకటే. చలికాలంలో ఆటపాక చూసివచ్చినవాడు మళ్లీ భాద్రపదంలో ఒకసారి కొల్లేటి గట్టున నిలబడి రాయగలిగితే, తెలుగు యాత్రారచనకు ఆ రెండో ప్రయాణం కొత్త దేశమంత విలువ చేస్తుంది.